సముద్రంలో మరలు ఒకరివి, కేబుల్ మరొకరిది: తెగితే ఎవరి నెత్తిన?

బరంపురం_బాబు
బ్రిటన్‌లో సముద్రం మీద గాలిమరలు పెట్టినవాడు కేబులూ, సబ్‌స్టేషన్ ప్లాట్‌ఫారమూ తన డబ్బుతోనే కట్టుకోవాలి. కట్టాక టెండరులో ఇంకొకడికి అమ్మేయాలి. కొన్నవాడు 20 ఏళ్లు కూర్చుని అద్దె తింటాడు. ఏటిది గురూ? బావి తవ్వుకున్నోడు చేంతాడు పక్కింటోడికి అమ్మేసి, తోడుకున్నప్పుడల్లా వాడికి డబ్బులు కట్టినట్టు లేదూ?

మన దేశంలో ఇంకో పద్ధతి. 2024 జూన్‌లో కేబినెట్ ఒప్పుకున్న 7,453 కోట్ల పథకంలో గుజరాత్‌కి 500, తమిళనాడుకి 500 మెగావాట్లు. సముద్రంలో సబ్‌స్టేషనూ, అక్కణ్ణుంచి ఒడ్డుకి లైనూ కేంద్ర ప్రభుత్వ లైన్ల కంపెనీ పవర్‌గ్రిడ్ కడుతుంది. మరలవాడికి ఆ తలనొప్పి లేదు.

మన గోపాల్‌పూర్ వైపు ఇప్పట్లో రాదని తెలుసు. వస్తే మాత్రం ఏ పద్ధతి మేలు? కేబుల్ తెగితే ఎవడు నష్టపోతాడు? అసలు వట్టి కేబుల్ కొనడానికి ఎవడైనా ఎందుకు ఎగబడతాడు?

టారిఫ్_తాత
అమ్మి తీరాలన్నది నిజమే. ఉత్పత్తిదారు చేతిలో ట్రాన్స్‌మిషన్ (కరెంటు మోసే పెద్ద లైన్లు) ఉండకూడదని 2009 నాటి యూరప్ మూడో ఇంధన ప్యాకేజీ గట్టిగా చెప్పింది. బ్రిటన్‌లో సముద్రం మీద 132 కేవీ, ఆపైన ఉన్నదంతా ట్రాన్స్‌మిషన్ కిందే లెక్క. ఇంగ్లండ్ నేల మీద అదే 132 కేవీ డిస్ట్రిబ్యూషన్ (ఊళ్లకి పంచే లైన్లు). కాబట్టి ఒడ్డుకి కరెంటు తెచ్చే కేబుల్‌కి విడిగా లైసెన్సున్న కంపెనీ ఉండాలి. దాన్ని ఆఫ్టో అంటారు. టెండరు పెట్టేది రెగ్యులేటర్ ఆఫ్‌జెమ్. పద్ధతి మొదలైంది 2009లో. మొదట చేతులు మారింది 2011లో, సాల్వే అఖాతంలోని 180 మెగావాట్ల రాబిన్ రిగ్ లింకు.

డబ్బు తిరిగే దారి బాబు అనుకున్నట్టు లేదు. మరలవాడు ఆఫ్టోకి నేరుగా ఏమీ కట్టడు. సిస్టమ్ ఆపరేటర్‌కి ట్రాన్స్‌మిషన్ ఛార్జీ కడతాడు (2024 అక్టోబర్ నుంచి ఆ పని నీసో అనే ప్రభుత్వ సంస్థది). ఆఫ్టోకి నీసో ఇస్తుంది. ఇచ్చేది యూనిట్ల లెక్కన కాదు, కేబుల్ సిద్ధంగా ఉన్నందుకు. గాలి వీచినా వీచకపోయినా అదే మొత్తం, ధరలతో పాటు ఏటా పెరుగుతుంది.

మన 2003 విద్యుత్ చట్టంలోనూ ట్రాన్స్‌మిషన్ లైసెన్సీ కరెంటు వ్యాపారం చేయకూడదని 41వ సెక్షన్ ఉంది. కానీ 10వ సెక్షన్ కింద జనరేటర్ తన డెడికేటెడ్ (తన ప్లాంటు కోసమే వేసుకున్న) లైను తానే వేసుకుని తానే నడుపుకోవచ్చు. బ్రిటన్‌లో సముద్రం మీద ఆ వెసులుబాటు పరీక్షలు జరిగే కాలానికే. అక్కడి 2013 చట్టంలో దానికి 18 నెలల గడువు పెట్టారు. అయినా విడగొట్టడం మన ఒడిశాకి కొత్తా? 1996లో దేశం మొత్తంలో ముందుగా కరెంటు బోర్డుని ముక్కలు చేసింది మనమే.

సిరొంచ_సీను
గాలి రాకున్నా కిరాయి వస్తదంటే నాకు గూడ ఒక కేబుల్ ఇప్పియ్యుండ్రి. మా సిరొంచల సముద్రం లేదు గని ప్రాణహిత ఉన్నది, సర్దుకుంట.

పర్లాకిమిడి_పద్మ
సీను గారు నవ్వులాటకి అన్నా, కొనేవాళ్లు ఎగబడేది సరిగ్గా అందుకే. గాలి రిస్కు లేదు, ధర రిస్కు లేదు, కట్టే రిస్కు కూడా అయిపోయింది. కట్టి, పరీక్షించి, కరెంటు పోతున్న ఆస్తిని కొంటున్నారు. పింఛను నిధులకీ, బీమా కంపెనీలకీ ఇంతకన్నా ఏం కావాలి? వాళ్లకి తక్కువ వడ్డీకి డబ్బు దొరుకుతుంది. మరలవాడి డబ్బు ఖరీదైనది, దాన్ని 20 ఏళ్లు కేబుల్లో ఇరికించుకోవడం కన్నా అమ్మేసి ఇంకో చోట మరలు పెట్టుకోవడం వాడికీ లాభం.

టెండరులో పోటీ పడేది కొనే ధర మీద కాదు. ధర ఆఫ్‌జెమ్ నిర్ణయిస్తుంది, కట్టడానికి న్యాయంగా ఎంత అయ్యుండాలో లెక్క తీసి. దుబారా అనిపించింది కోసేస్తుంది. 'ఆ ధరకి కొంటాను, నాకు ఏడాదికి ఇంత చాలు' అని తక్కువ అడిగినవాడికి లింకు దక్కుతుంది. 630 మెగావాట్ల లండన్ అరే లింకు 2013లో దాదాపు 46 కోట్ల పౌండ్లకి చేతులు మారింది. అందులో సముద్రంలో రెండు సబ్‌స్టేషన్లు, 150 కేవీ కేబుళ్లు నాలుగు, ఒక్కోటీ 50 కిలోమీటర్ల పైమాటే.

మన దగ్గర ఇలాంటివి లేవనుకోవద్దు. ఇన్విట్‌లు (మౌలిక వసతుల్లో మదుపు చేసే ట్రస్టులు) చేసేది ఇదే. ఇండిగ్రిడ్ 2017లో, పవర్‌గ్రిడ్ ఇన్విట్ 2021లో వచ్చాయి. కట్టి నడుస్తున్న లైన్లని అందులో పెట్టి, పంచగలిగే నగదులో 90 శాతం యూనిట్‌దారులకి పంచాలి. నేల మీద టీబీసీబీ (టారిఫ్ మీద పోటీ టెండరు) లైన్లకి ఒప్పందం 35 ఏళ్లు.

గుణుపురం_గోపి
అంటే కట్టే కష్టం ఒకడిది, కూర్చుని తినే సుఖం ఇంకొకడిది. మన ఊళ్లో దీనికి వేరే పేరుంది, ఇక్కడ రాస్తే అడ్మిన్ తీసేస్తాడు.

కేబుల్_కామేశం
పద్మ గారూ, 'రిస్కు అయిపోయింది' అన్నది బ్యాంకు కాగితం మీద మాట. సముద్రం అడుగున అంత తేలిగ్గా అయిపోదు. ముందు లింకు అంటే ఏమేం ఉంటాయో చూద్దాం, గొడవ ఎక్కడ పుడుతుందో అప్పుడు తెలుస్తుంది.

మరల నుంచి 33 కేవీ (కొత్తవాటిలో 66) కేబుళ్లు వరసలుగా ప్లాట్‌ఫారానికి వస్తాయి. అక్కడ జీఐఎస్ (గ్యాస్ నింపిన స్విచ్‌గేర్) ప్యానెళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. 132 గానీ 220 కేవీ గానీ చేసి ఎక్స్‌పోర్ట్ కేబుల్ కిందికి దిగుతుంది. మూడు ఫేజులూ ఒకే తొడుగులో, మధ్య ఖాళీలో ఫైబర్, పైన ఉక్కు తీగల కవచం. 220 కేవీది మీటరు వంద కిలోల దరిదాపు బరువు. జే-ట్యూబు (కింద వంపున్న ఉక్కు గొట్టం) లోంచి దిగి, అడుగున మీటరు నుంచి రెండు మీటర్ల లోతు కందకంలో పడుకుంటుంది. ఒడ్డు దగ్గర ఇసుక కింద డ్రిల్లింగ్ చేసి పైపులోంచి లాగుతారు. తీరం వెనక ట్రాన్సిషన్ జాయింట్ బే ఉంటుంది, అక్కడ మూడు కోర్లని విడదీసి నేల మీది సింగిల్ కోర్ కేబుళ్లకి కలుపుతారు. ఆ తరవాత ఒడ్డు సబ్‌స్టేషన్: షంట్ రియాక్టర్లు (కేబుల్ ఛార్జింగ్ కరెంటుని పూడ్చేవి), స్టాట్‌కామ్ (వోల్టేజీని నిలకడగా ఉంచేది), హార్మోనిక్ ఫిల్టర్లు, 400 కేవీ ట్రాన్స్‌ఫార్మర్.

ఆస్తి సరిహద్దు మామూలుగా ప్లాట్‌ఫారం మీద 33 కేవీ వైపు గీస్తారు. అంటే ప్లాట్‌ఫారం ఆఫ్టోది, దాని మీదున్న 33 కేవీ ప్యానెళ్లు మరలవాడివి. ఒకే గదికి ఇద్దరు యజమానులు. అక్కడికి వెళ్లే పడవ ఎవరిది, క్రేను ఎవరు నడపాలి, మంటలార్పే వ్యవస్థ ఎవరు చూడాలి, ఎర్త్ స్విచ్ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, ఇవన్నీ ఇంటర్‌ఫేస్ ఒప్పందంలో ముందే రాసుకోవాలి. రాయనివే తరవాత కొంప ముంచుతాయి.

బరంపురం_బాబు
కామేశం గారూ, నా రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. తెగితే?

టారిఫ్_తాత
లక్ష్యం 98 శాతం అందుబాటు. అంతకన్నా పైన ఉంచితే ఏడాది ఆదాయంలో 5 శాతం దాకా బహుమానం. కింద పడితే కోత, 94కి వచ్చేసరికి 10 శాతం కోత నిండుతుంది. ఒక ఏడాదికి గరిష్ఠం అంతే. మిగిలిన కోత వచ్చే ఏళ్లకి మోసుకెళ్తారు, అన్నీ కలిపినా ఏడాది ఆదాయంలో సగం దాటదు.

రెండు సమానమైన కేబుళ్లున్న లింకులో ఒకటి మూడు నెలలు పోయిందనుకోండి. ఏడాది అందుబాటు 87.5. లక్ష్యానికి పదిన్నర తక్కువ. ఒక్కో శాతానికి రెండున్నర చొప్పున 26 శాతం కోత. మొదటి ఏడాది 10, రెండో ఏడాది 10, మూడో ఏడాది 6. పైగా రిపేరు ఖర్చు, దానికి బీమా ఉంటుంది. తన చేతిలో లేని కారణమని ఆఫ్‌జెమ్‌ని ఒప్పించగలిగితే కోత ఉండదు.

మరలవాడి అమ్ముడుపోని యూనిట్లకి ఆఫ్టో నేరుగా ఏమీ కట్టడు. వాడి బీమా వాడిది.

పర్లాకిమిడి_పద్మ
మన సీఈఆర్‌సీ (కేంద్ర విద్యుత్ రెగ్యులేటర్) లెక్కలోనూ ఏసీ లైన్లకి 98, హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజీ డీసీ) లైన్లకి 95. కింద పడితే ఫిక్స్‌డ్ ఛార్జీ ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. 99.75 పైన ఎంతున్నా అదనపు బహుమానం లేదు. తేడా కోతకి ఉన్న పైకప్పులో ఉంది. బ్రిటన్‌లో అప్పు ఇచ్చిన బ్యాంకు భయపడకూడదని 10 దగ్గర ఆపారు. ఆపకపోతే వడ్డీ పెరిగి చివరికి వినియోగదారుడి బిల్లులోనే పడుతుంది.

బల్లార్షా_భాస్కర్
ఒక సవరణ. కేబుళ్లు రెండుంటే ఒకటి పోయినప్పుడు ఉత్పత్తి సగం పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. గాలి తక్కువున్న గంటల్లో మొత్తం కరెంటు మిగిలిన కేబుల్లోనే వస్తుంది. సగం సామర్థ్యం దాటి వీచిన గంటల్లో దాటిన భాగం ఒక్కటే వృథా. అందుకే రెండు ప్లాట్‌ఫారాల మధ్య ఇంటర్‌లింకు కేబుల్ వేసుకోవడం మంచి పెట్టుబడి. కానీ దాని ఖర్చు ఎవరు ఒప్పుకోవాలి? కట్టేది మరలవాడు, ఖర్చు న్యాయమైనదా కాదా అని చెప్పేది రెగ్యులేటర్, దానివల్ల కోత తప్పించుకునేది ఆఫ్టో. ముగ్గురిలో ఎవరికీ పూర్తి ఆసక్తి ఉండదు. విడి యాజమాన్యంతో నాకున్న అసలు పేచీ ఇది.

కేబుల్_కామేశం
భాస్కర్ అన్నతో పూర్తిగా ఏకీభవిస్తా. దానికి తోడు ఇంకోటి. కేబుల్ కొన్నది, పరచింది, కందకం తవ్వించింది మరలవాడు. 20 ఏళ్లు దాంతో బతకాల్సింది ఇంకొకడు. గ్విన్ట్ ఇ మోర్ చూడండి. వేల్స్ తీరం, 576 మెగావాట్లు, 132 కేవీ కేబుళ్లు నాలుగు. 2015 ఫిబ్రవరిలో లింకు చేతులు మారింది. మార్చి మొదట్లోనే ఒక కేబుల్ ఫాల్టు, అదే ఏడాది ఇంకొకటి. తయారీలోనే కేబుల్ లోపలి ఫైబర్ తొడుగు దెబ్బతిందనీ, అందులో వోల్టేజీ ప్రేరితమై ఆర్కింగ్ జరిగి పక్కనున్న పవర్ కోరుని తినేసిందనీ తేలింది. అలాంటి లోపం కొనేముందు కాగితాల్లో కనపడదు. అందుకే వారంటీలు బదిలీ అవుతాయా లేదా, ఎన్నేళ్లు, ఎంత దాకా అన్నదాని మీద లాయర్లు నెలలు కొట్టుకుంటారు.

సిరొంచ_సీను
కొన్న బర్రె ఇంటికి తెచ్చినంక తన్నుడు షురూ జేసిందన్నట్టు.

రుషికుల్య_రాజు
రిపేరు ఎలా చేస్తారో ఎవరైనా వివరంగా రాయండి. నేల మీద ఫాల్టు పట్టుకోవడం తెలుసు. 30 మీటర్ల నీళ్లలో ఎలా?

కేబుల్_కామేశం
వరసగా చెప్తా.

డిఫరెన్షియల్ రిలే (రెండు చివరల కరెంటునీ పోల్చి చూసేది) ట్రిప్ చేస్తుంది. ముందు తప్పు కేబుల్లోనా, జీఐఎస్‌లోనా, టెర్మినేషన్‌లోనా తేల్చాలి. సగం సార్లు జనం సముద్రాన్ని అనుమానించి ప్లాట్‌ఫారం మీది టెర్మినేషన్ని వదిలేస్తారు. రెండు చివరలా ఐసోలేట్ చేసి, ఎర్త్ చేసి, మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఏ ఫేజో పట్టుకోవాలి. తరవాత రెండు వైపుల నుంచీ టీడీఆర్ పల్సు (అది తిరిగొచ్చే కాలాన్ని బట్టి దూరం లెక్కిస్తారు). ఒక్క వైపు నుంచి చేస్తే పల్సు వేగం అంచనాలో ఒక శాతం తేడాకే 50 కిలోమీటర్ల మీద అర కిలోమీటరు తప్పిపోతాం. ఫైబర్ కూడా దెబ్బతింటే ఓటీడీఆర్ (ఫైబర్‌లో వెలుగు పల్సుతో అదే పని) చాలా దగ్గరగా చూపిస్తుంది. ఆ చోటికి సర్వే ఓడ వెళ్తుంది, ఆర్‌ఓవీ (పైనుంచి నడిపే నీటి అడుగు రోబో) దిగుతుంది. ఒడ్డు నుంచి కేబుల్లోకి తక్కువ ఫ్రీక్వెన్సీ టోను పంపి దాన్ని వెంబడిస్తారు.

అసలు కాలం తినేది ఇక్కణ్ణుంచే. అనుమతులు, ఓడ దొరకడం, వాతావరణం. మట్టి తొలగించి, కోసి, నీళ్లు పోకుండా మూతలేసి, ఒక చివర డెక్ మీదికి లాగి పరీక్షించాలి. నీళ్లు చొచ్చుకుపోయిన మేరా కోసి పారేయాలి. మొదటి జాయింటు వేసి, స్పేర్ కేబుల్ పరుచుకుంటూ రెండో చివరకి వచ్చి అక్కడ రెండో జాయింటు. మూడు కోర్లు, ఫైబర్, కవచం అన్నీ కలిపి ఒక్కో జాయింటుకి వారం దాకా పడుతుంది, ఆ వారమంతా ఓడ కదలకూడదు. రెండో జాయింటు డెక్ మీద వేయాలంటే కేబుల్ నీటి లోతుకి రెండింతల పైచిలుకు అదనంగా ఉండాలి. అందుకే దించాక అడుగున వంపుగా పడుతుంది. ఆ వంపు కందకంలో సరిగా పూడదు, మీద రాళ్లు పోయాలి. చివరగా రెసొనెన్స్ సెట్టుతో ఏసీ పరీక్ష.

అన్నీ కలిసొస్తే రెండు మూడు నెలలు. ఓడ లేకపోతే చెప్పలేం.

జయపురం_400
కామేశం గారు కేబుల్ వైపు చెప్పారు, నేను సబ్‌స్టేషన్ వైపు. మన ఓవర్‌హెడ్ లైన్లకి అలవాటు పడ్డ కంటికి కేబుల్ ఛార్జింగ్ (కెపాసిటర్‌లా కేబుల్ తానే తీసుకునే కరెంటు) నమ్మశక్యంగా ఉండదు. 220 కేవీ కేబుల్ కెపాసిటెన్సు కిలోమీటరుకి 0.17 మైక్రోఫారడ్ అనుకుంటే, 50 హెర్ట్జ్‌లో కిలోమీటరుకి 2.6 ఎంవీఏఆర్ (రియాక్టివ్ పవర్ కొలత) వస్తుంది. 50 కిలోమీటర్లకి 130. ఛార్జింగ్‌కే సుమారు 340 ఆంపియర్లు. 100 కిలోమీటర్లయితే 680. వెయ్యి ఆంపియర్ల కేబుల్లో ఇక పనికొచ్చే కరెంటుకి చోటెక్కడ? అందుకే 1,218 మెగావాట్ల హార్న్‌సీ 1లో కేబుల్ దారి మధ్యలో, సముద్రంలోనే, రియాక్టర్ల కోసం ఇంకో ప్లాట్‌ఫారం కట్టారు. దూరం 80, 100 కిలోమీటర్లు దాటుతుంటే డీసీ లెక్క వేసుకోవడం మొదలుపెడతారు.

రియాక్టరు పెట్టేస్తే తీరిపోదు. కేబుల్ ఛార్జింగ్‌లో సగానికి మించి రియాక్టర్‌తో పూడ్చి రెండూ ఒకేసారి ఛార్జి చేస్తే, రియాక్టర్ కరెంటులో డీసీ వాలు వస్తుంది. బ్రేకర్‌లో కరెంటు కొన్ని సైకిళ్ల పాటు సున్నా దాటదు. సరిగ్గా అప్పుడే ఫాల్టొచ్చి ఆరోగ్యంగా ఉన్న ఫేజు బ్రేకరు తెరుచుకోవాల్సి వస్తే ఆర్క్ ఆరదు. దీనికి మందులు: వోల్టేజీ శిఖరం దగ్గర మూసేలా పాయింట్-ఆన్-వేవ్ క్లోజింగ్, లేదా ప్రీ-ఇన్సర్షన్ రెసిస్టర్, లేదా రియాక్టర్‌ని తరవాత కలపడం. శిఖరం దగ్గర మూస్తే కేబుల్ వైపు సర్జ్ పెరుగుతుంది, అదీ చూసుకోవాలి. ఈ సెట్టింగులు చేసినవాడు మరలవాడి కాంట్రాక్టరు. అతను వెళ్లిపోయాక ఆఫ్టో చేతిలో మిగిలేది ఫైళ్లే. స్టడీ మోడళ్లు, రిలే సెట్టింగు ఫైళ్లు, బ్రేకర్ టైమింగ్ రికార్డులు బదిలీ జాబితాలో లేకపోతే కొన్నది ఇనుము, రాగి మాత్రమే.

బల్లార్షా_భాస్కర్
జయపురం మాస్టారు చెప్పిన దానికి నా వైపు నుంచి ఎదురు ఉదాహరణ, ఒకే యజమాని ఉంటే అన్నీ సవ్యంగా ఉంటాయనుకునేవాళ్ల కోసం. 2019 ఆగస్టు 9, సాయంత్రం 4:52. ఇంగ్లండ్‌లో 400 కేవీ లైను మీద పిడుగు. లైను మామూలుగానే రీక్లోజ్ అయింది. కానీ హార్న్‌సీ 1 ఒక్కసారిగా 737 మెగావాట్లు వదిలేసింది. లిటిల్ బార్‌ఫర్డ్ గ్యాస్ ప్లాంటూ పడింది. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి 48.8కి జారి సుమారు 11 లక్షల కనెక్షన్లు ఆరిపోయాయి. హార్న్‌సీలో తేలిన కారణం వోల్టేజీ కంట్రోల్ డోలనం, దాన్ని చూసి మరలు వరసగా ట్రిప్ అయ్యాయి. అప్పటికి ఆ లింకు ఇంకా చేతులు మారలేదు. మరలూ, కేబులూ, స్టాట్‌కామూ అన్నీ ఒక్కరి చేతిలోనే ఉన్నాయి. హార్న్‌సీ కంపెనీ, గ్యాస్ ప్లాంటు యజమాని ఆర్‌డబ్ల్యూఈ చెరో 45 లక్షల పౌండ్లు పరిహార నిధికి కట్టాయి.

పర్లాకిమిడి_పద్మ
పవర్‌గ్రిడ్ పద్ధతే మేలనేవాళ్లు జర్మనీని కూడా చూడాలి. అక్కడ గ్రిడ్ కంపెనీయే సముద్రంలోకి లైను తెచ్చి ఇవ్వాలి. 2013లో రిఫ్‌గాట్ అనే చోట 30 మరలు, 108 మెగావాట్లు నిలబడ్డాయి, కేబుల్ మాత్రం రాలేదు. దారిలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబులు తేలడంతో వాటిని ఏరేసరికి నెలలు పట్టింది. ఊరికే నిలబడితే తుప్పు పడతాయని మరలని డీజిల్ జనరేటర్లతో తిప్పారు. 2014 ఫిబ్రవరికి గానీ కరెంటు ఒడ్డెక్కలేదు. ఇలాంటి ఆలస్యాలకి పరిహారం వినియోగదారుల బిల్లు మీద విడి సుంకంగా వేశారు.

మనకీ అదే ముప్పుంది. పవర్‌గ్రిడ్ ప్లాట్‌ఫారం ముందే సిద్ధమై మరలు రాకపోవచ్చు, లేదా అటుదిటు కావచ్చు. ఆలస్యం చేసినవాడి మీద ఛార్జీ వేసే నియమం షేరింగ్ రెగ్యులేషన్లలో (లైన్ల ఖర్చు పంచే నియమాలు) ఉంది గానీ సముద్రంలో దాన్ని ఇంకా ఎవరూ పరీక్షించలేదు. 2032 డిసెంబర్ 31 లోపు మొదలైన ఆఫ్‌షోర్ ప్రాజెక్టులకి అంతర్రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ ఛార్జీ మాఫీ. మాఫీ అంటే ఖర్చు లేదని కాదు, మిగతావాళ్లందరం పంచుకుంటాం, అందులో మన గ్రిడ్‌కో (ఒడిశాకి కరెంటు కొనే సంస్థ) కూడా ఉంది.

గుణుపురం_గోపి
డీజిల్ పోసి గాలిమర తిప్పడం!! ఇది చదివాక మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద కోపం పోయింది.

రుషికుల్య_రాజు
కామేశం గారి రిపేరు వరస చదివాక మన తీరం క్యాలెండరు వేసి చూశా. నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య, దేవి, ధామ్రా ముఖాల దగ్గర 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం, ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం. నిషేధం వేటకే కావచ్చు, కేబుల్ ఓడకి అనుమతి ఇచ్చే అధికారి కూడా ఆ తేదీలే చూస్తాడు. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ట్రాలర్లు బంద్. జూన్ నుంచి సెప్టెంబరు నైరుతి, సముద్రం ఓడని నిలవనివ్వదు. అక్టోబరు తుపాను నెల: ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర. మరి ఎప్పుడు తవ్వుతారు, ఎప్పుడు రిపేరు చేస్తారు?

ఇంకోటి. పొడంపేట ఊరు సముద్రం కోతకి ఖాళీ అయింది. అక్కడ జాయింట్ బే కడితే కొన్నాళ్లకి అలల్లో తేలుతుంది.

కేబుల్_కామేశం
రాజు తమ్ముడు పెట్టిన పట్టిక టెండరు వేసే ప్రతివాడూ గోడకి అంటించుకోవాలి. ఉత్తర సముద్రంలో శీతాకాలం గాలీ ఎక్కువే, అలలూ ఎక్కువే. గుజరాత్, తమిళనాడులో గాలి దండిగా వచ్చేది నైరుతి నెలల్లో, అప్పుడే ఓడ దిగదు. జూన్‌లో కేబుల్ పోయిందంటే ఆదాయం వచ్చే కాలమంతా పోయినట్టే. 98 శాతం లక్ష్యం అక్కడిది ఇక్కడికి యథాతథంగా తెస్తే కుదరదు, వానాకాలంలో వచ్చిన ఫాల్టుకి గడియారం ఎప్పణ్ణుంచి తిరగాలో ముందే తేల్చుకోవాలి.

తీరానికి మందు డ్రిల్లింగే. దిబ్బల వెనక నుంచి మొదలుపెట్టి 8–10 మీటర్ల లోతు నీళ్లలో తేలితే తాబేలు గుడ్లు పెట్టే ఇసుకని ముట్టుకోనక్కర్లేదు. బెంటొనైట్ బురద మధ్యలో పైకి చిమ్మకుండా పీడనం చూస్తూ ఉండాలి. అయితే ఒక చిక్కు. లోతు పెరిగితే వేడి బయటికి పోదు. కేబుల్ మొత్తానికి రేటింగు తేల్చేది ఆ కొన్ని వందల మీటర్లే.

జయపురం_400
వేడి మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. ఎక్స్‌ఎల్‌పీఈ (కేబుల్ ఇన్సులేషన్ ప్లాస్టిక్)కి కండక్టరు గరిష్ఠం 90 డిగ్రీలు. ఉత్తర సముద్రం అడుగు మట్టి 15 అనుకుంటే 75 డిగ్రీల తేడా దొరుకుతుంది. మన దగ్గర 30 అనుకుంటే 60. కరెంటు ఆ నిష్పత్తి వర్గమూలంతో పోతుంది, అంటే 0.89. అదే కేబుల్ మన నీళ్లలో దాదాపు 11 శాతం తక్కువ మోస్తుంది. ఐరోపా డేటాషీటు చూసి సైజు ఎంచుకున్నవాడు మొదటి వేసవిలోనే డీటీఎస్ అలారాలు వింటాడు. డీటీఎస్ అంటే ఆ ఫైబర్‌తోనే పొడవునా ఉష్ణోగ్రత చూసేది. దాని రీడింగులు ఇద్దరికీ కనపడాలి, లేకపోతే 'తగ్గించు' అని ఆఫ్టో, 'ఎందుకు తగ్గించాలి' అని మరలవాడు.

సిరొంచ_సీను
డీసీ ఏస్తే ఈ ఛార్జింగ్ లొల్లి ఉండదు గద. మా చంద్రపూర్ జిల్ల భద్రావతిల, మీ జయపురం లైను అవుతల గాజువాకల బ్యాక్-టు-బ్యాక్‌లు (ఒక్క చోటనే ఏసీని డీసీ జేసి మళ్ల ఏసీ జేసేటియి) ఎన్నేండ్ల సంది నడుస్తున్నయి.

జయపురం_400
సీనూ, అవి రెండూ 500 మెగావాట్ల బ్లాకులు రెండేసి. ఒక బ్లాకు ఆగినా రెండోది నడుస్తుంది. బ్రిటన్ డాగర్ బ్యాంక్‌లో ఒక్కో దశకి ±320 కేవీ, 1,200 మెగావాట్లు, సిమెట్రికల్ మోనోపోల్ (రెండు కేబుళ్లూ కలిస్తేనే నడిచే ఒకే జత). ఒక కేబుల్ తెగితే 1,200 మొత్తం సున్నా. సగానికి సగం అనే మాటే లేదు. జర్మనీ, నెదర్లాండ్స్ ఇప్పుడు వేస్తున్న 2,000 మెగావాట్ల ±525 కేవీ లింకులు బైపోల్ (విడివిడిగా నడవగల రెండు పోళ్లు), లోహపు రిటర్న్ కేబుల్‌తో. ఒక పోల్ పోయినా సగం వస్తుంది. తాల్చేర్–కోలార్‌లో నేల రిటర్న్ పెట్టుకున్నట్టు సముద్రంలో చేస్తే పక్క పైపులకి తుప్పు, ఓడల దిక్సూచికి తికమక. కాబట్టి మూడో కేబుల్ ఖర్చు తప్పదు.

రుషికుల్య_రాజు
గోపాల్‌పూర్‌లో వలలేసే మన వాడబలిజలు అడిగితే ఏం చెప్పాలి? కేబుల్ మీద వేట ఆపేస్తారా?

టారిఫ్_తాత
ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్ల దాకా భద్రతా వలయం పెట్టొచ్చు, అది అంతర్జాతీయ సముద్ర చట్టంలో ఉన్నదే. పూడ్చిన కేబుల్ దారి పొడవునా వేట నిషేధం మాత్రం బ్రిటన్‌లో మామూలుగా లేదు. పటాల్లో గుర్తిస్తారు, అక్కడ లంగరు వేయొద్దంటారు.

కేబుల్_కామేశం
వలకన్నా పెద్ద ఓడ లంగరు ప్రమాదం. మెత్తటి బంకమట్టిలో లంగరు మీటర్ల లోతుకి దిగుతుంది, కందకం చాలదు. గోపాల్‌పూర్ పోర్టు లంగరు ప్రాంతానికి దూరంగా దారి గీయాలి. ఏఐఎస్‌లో (ఓడలు తామున్న చోటు చెప్పే రేడియో వ్యవస్థ) దారి మీదికి వచ్చి నెమ్మదించిన ఓడకి వెంటనే ఫోను వెళ్లే ఏర్పాటు చాలా చవక. మరల దగ్గర ఇంకో జబ్బు. కేబుల్ రక్షణ తొడుగులు రాళ్ల మీద అటూ ఇటూ కదిలి అరిగిపోవడం. డెన్మార్క్ గాలిమరల కంపెనీ ఓర్‌స్టెడ్ 2021లో 10 ఫారాల దాకా ఈ సమస్య ఉందని చెప్పి దాదాపు 300 కోట్ల డేనిష్ క్రోనర్ల ఖర్చు చూపించింది. అవి మరలవాడి కేబుళ్లు కాబట్టి బిల్లు వాడిది. అదే తొడుగు ప్లాట్‌ఫారం కింద ఎక్స్‌పోర్ట్ కేబుల్‌కీ ఉంటే బిల్లు ఆఫ్టోది.

బరంపురం_బాబు
ఇంతకీ ఏ పద్ధతి మేలో ఎవరూ చెప్పలేదు! తాతగారూ, 20 ఏళ్లు అయిపోయాక కేబుల్ ఎవరిది?

టారిఫ్_తాత
ఆఫ్టోదే, కానీ ఆదాయం ఆగిపోతుంది. రాబిన్ రిగ్ 2011లో మొదలైంది కాబట్టి 2031లో గడువు. మరలు ఇంకా తిరిగేలా ఉంటే లింకు ఆయుష్షు పెంచాలి, దానికి కొత్త ఆదాయం ఎంతో ఆఫ్‌జెమ్ తేల్చాలి. 18వ ఏట ఆఫ్టో కొత్త స్పేర్ కేబుల్ కొనడానికి ఎందుకు డబ్బు పెడతాడు చెప్పండి? చివరి ఏళ్లలో ఫాల్టొస్తే కోత మోసుకెళ్లడానికి కూడా ఏళ్లు మిగలవు. కొత్త టెండర్లలో 25 ఏళ్ల గడువు పెట్టడానికి ఇదీ ఒక కారణం.

పద్ధతి ఏదని బాబు అడిగాడు. నేనైతే మొదటి రెండు మూడు లింకులు పవర్‌గ్రిడ్ కట్టి, నడిచాక ఇన్విట్‌కి అమ్మితే చాలంటాను. డబ్బు తిరిగొస్తుంది, కట్టే అనుభవం ఒకేచోట ఉంటుంది.

బల్లార్షా_భాస్కర్
నేను ఒప్పుకోను తాతగారూ. మరలవాడు కడితేనే మరలూ, కేబులూ ఒకే తేదీకి వస్తాయి. రిఫ్‌గాట్ మళ్లీ మన దగ్గర చూడక్కర్లేదు. కట్టించేది అతనితోనే, స్పెసిఫికేషన్ మాత్రం కొనబోయేవాడి తరఫున ముందే రాసి ఉండాలి.

పర్లాకిమిడి_పద్మ
ముందే రాసేది ఎవరు? కొనేవాడు ఎవరో అప్పటికి తెలియదు కదా.

బల్లార్షా_భాస్కర్
సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) రాయాలి. నేల మీద సబ్‌స్టేషన్లకి ప్రమాణాలు రాసినట్టే.

కేబుల్_కామేశం
ఎవరు కట్టినా టెండరు కాగితాల్లో స్పేర్ కోసం ఈ నాలుగు చూడండి. స్పేర్ కేబుల్ ఒక్క పొడవు ముక్కగా ఉందా, నీటి లోతుకి సరిపోయే పొడవు ఉందా. రిపేరు జాయింట్లు కనీసం రెండు కాక ఇంకో రెండు ఉన్నాయా, వాటి గడువు తేదీ ఎంత (జాయింటు కిట్లలో రబ్బరు, టేపులు పాతబడతాయి). కవచం ఉన్న కేబుల్‌ని నేల మీద చుట్టలుగా పడేయకూడదు, టర్న్‌టేబుల్ మీదే ఉంచాలి. అది ఏ పోర్టులో ఉంది, దాని పక్కకి కేబుల్ ఓడ వచ్చి ఆగేంత లోతు ఉందా. నాలుగోది, చివరల మూతలు ఊడి తేమ చేరిందో లేదో ఏడాదికోసారి చూసే బాధ్యత ఎవరి పేరున ఉంది.

రుషికుల్య_రాజు
టర్న్‌టేబుల్ గోపాల్‌పూర్ పోర్టులో పెడితే ఫైలిన్ లాంటి గాలికి తట్టుకుంటుందా?

కేబుల్_కామేశం
వందల టన్నుల బరువు కదా, గాలికి కదలదు. ఉప్పెన నీళ్లకి బేరింగులు, మోటార్లు పోతాయి. పునాది ఎత్తు మీద కట్టాలి. ఎంత ఎత్తో చెప్పాలంటే అక్కడి ఉప్పెన లెక్కలు కావాలి, నీ దగ్గరుంటే పెట్టు.